ఎముక, జిగురు, బొమ్మ: తిప్పితే మారే ఫోటోల చరిత్రలో మన పాలు

ఫోటోగ్రఫీ చరిత్రని ఇంతవరకూ రెండు రకాలుగా రాస్తూ వచ్చారు. ఒకటి కనిపెట్టినవాళ్ళ చరిత్ర. ఫలానా సంవత్సరంలో ఫలానా దొర ఫలానా పేటెంటు తీసుకున్నాడనే వరస. రెండోది కెమెరా పట్టినవాళ్ళ చరిత్ర. మన దగ్గరైతే అది రాజులూ, నవాబులూ, వాళ్ళ ఆస్థాన ఫోటోగ్రాఫర్ల చరిత్ర. ఈ రెంటిలోనూ ఒక ప్రశ్న ఎక్కడా కనపడదు. ఫోటో అనే ఆ వస్తువు దేనితో తయారయింది? ఆ సరుకు ఎవరి చేతుల మీదుగా ఫ్యాక్టరీకి చేరింది? గుడ్డ చరిత్ర రాస్తే నేతగాడి పేరు కనీసం ఒక్కసారైనా వస్తుంది. ఫోటో చరిత్రలో దాని సరుకు మోసినవాడు ఒక్కసారి కూడా రాడు. ఈ వ్యాసంలో మేం ఆ మనిషిని వెతికే పని పెట్టుకున్నాం. అందుకు చాలా చిన్న వస్తువునొకదాన్ని ఎంచుకున్నాం. ఇంగ్లీషు చదివినవాళ్ళు లెంటిక్యులర్ ప్రింటు అనేదీ, బజార్లో త్రీడీ ఫోటో అనేదీ, పిల్లలు తిప్పితే మారే బొమ్మ అనేదీ ఇదే.

ఇది తెలియనివాళ్ళు ఉండరు. ఇట్లా చూస్తే లక్ష్మి, అట్లా చూస్తే సరస్వతి, ఇంకాస్త వంచితే వినాయకుడు. జాతరల్లో, బస్టాండ్ల దగ్గర తాళ్ళకి వేలాడదీసి అమ్మే పటాలు. స్కూలు స్కేళ్ళ మీదా, కంపాస్ బాక్సుల మీదా వచ్చిన కన్నుగీటే బొమ్మలు కూడా ఇవే. పైన చేత్తో రాస్తే గరగరమని గీతలు తగుల్తాయి. అసలు కిటుకంతా ఆ గీతల్లోనే ఉంది. ఒక్కో గీతా ఒక సన్నని అద్దం, నిలువునా సగానికి కోసిన గాజుకడ్డీ లాంటిది. దాని కింద రెండు బొమ్మల్ని సన్నటి పీలికలుగా కోసి, ఒక పీలిక దీనిది, ఒక పీలిక దానిది, పక్కపక్కన పేరుస్తారు. మన కన్ను ఒక వైపునుంచి చూస్తే అద్దం ఒక జాతి పీలికల్నే చూపిస్తుంది, ఇంకో వైపునుంచి చూస్తే ఇంకో జాతివి. రెండు బొమ్మలూ ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఏది కనపడుతుందన్నది చూసేవాడు నిలబడ్డ చోటుని బట్టి ఉంటుంది.

దీని వెనక కథ శతాబ్దం దాటింది. 1903లో అమెరికాలో ఫ్రెడరిక్ ఐవ్స్ అనే ఆయన సన్నటి గీతల తెర వెనక రెండు బొమ్మల పీలికలు పెట్టి, కళ్ళజోడు లేకుండానే లోతు కనపడేట్టు చేసి పేటెంటు తీసుకున్నాడు. 1908లో ఫ్రాన్సులో గాబ్రియెల్ లిప్‌మన్ తెర బదులు ఈగ కన్నులాగా చిన్న చిన్న అద్దాలు పెట్టొచ్చని చెప్పాడు. అదే సంవత్సరం ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది, కాకపోతే ఇంకో పనికి. 1910ల్లో స్విట్జర్లాండులో వాల్టర్ హెస్ గుండ్రటి అద్దాల బదులు పొడుగు గీతల అద్దాలు వాడాడు. తర్వాత వైద్యశాస్త్రంలో చేసిన పనికి 1949లో ఆయన కూడా నోబెల్ తెచ్చుకున్నాడు. 1940ల్లో పారిస్‌లో మోరిస్ బోనె ఈ పద్ధతిలోనే మనుషుల ఫోటోలు తీసి అమ్మాడు. అమెరికాలో విక్టర్ ఆండర్సన్ వారీ-వ్యూ అనే పేరుతో దీన్ని కారుచౌక సరుకుగా మార్చాడు. 1952 అధ్యక్ష ఎన్నికల్లో ఐసెన్‌హోవర్ బొమ్మా నినాదమూ మార్చి మార్చి చూపించే బ్యాడ్జీలు జనం చొక్కాలకెక్కాయి. 1964 ఫిబ్రవరి 25 నాటి లుక్ పత్రికలో ఎడిసన్ విగ్రహం త్రీడీ బొమ్మ అంటించి లక్షల కాపీలు వదిలారు. అదే దశాబ్దంలో జపాన్ వాళ్ళు పోస్టుకార్డుల మీద ఈ పని చేసి ప్రపంచమంతా అమ్మారు. ఈ వరస ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. మేం దీని మీద ఎక్కువసేపు నిలబడం.

మేం నిలబడేది 1928 దగ్గర. ఆ సంవత్సరం కొడాక్ కంపెనీ కొడాకలర్ పేరుతో ఇళ్ళల్లో సినిమా తీసుకునేవాళ్ళకి రంగుల ఫిల్మునొకదాన్ని మార్కెట్లో పెట్టింది. ఆ ఫిల్ము వీపు మీద కంటికి కనపడనంత సన్నటి అద్దాల గీతలు ఒత్తి ఉండేవి. అంటే ఇదీ లెంటిక్యులరే. కెమెరా కన్నుకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు కట్టి తీస్తే, ఆ గీతలు మూడు రంగుల్నీ విడగొట్టి నలుపు తెలుపు పూత మీదే పరిచేవి. 1935లో కొడాక్రోమ్ వచ్చాక ఇది మూలనపడింది. మనకి కావాల్సింది ఆ అద్దాల గీతల అవతలి వైపు ఉన్న పూత. వెండి లవణాల్ని పట్టి ఉంచే ఆ పూత పేరు జెలటిన్. తెలుగులో చెప్పాలంటే జిగురు. ఇంకా విడమర్చి చెప్పాలంటే గొడ్డు ఎముకలూ, గొడ్డు తోలూ ఉడకబెట్టి తీసిన జిగురు.

1871లో ఇంగ్లండు డాక్టర్ రిచర్డ్ లీచ్ మాడాక్స్ వెండి లవణాన్ని జెలటిన్‌లో కలిపి గాజు పలక మీద పూయొచ్చని రాశాడు. అంతకుముందు ఫోటో తీయాలంటే పలకని అక్కడికక్కడే తడిపి, తడి ఆరకముందే తీసి, కడగాలి. గుడారం, సీసాలు, కూలీలు లేకుండా అయ్యే పని కాదు. జెలటిన్ పలక ఎండినా పనిచేస్తుంది. నెలలు దాచుకోవచ్చు. చుట్ట చుట్టే ఫిల్ము కూడా దీనివల్లే వచ్చింది. ఈస్ట్‌మన్ 1888లో అమ్మిన చిన్న కెమెరా దీనివల్లే వచ్చింది. సినిమా కూడా దీనివల్లే వచ్చింది. చన్నీళ్ళలో వేస్తే కరక్కుండా ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు మందుని లోపలికి రానిస్తుంది. ఆరితే మళ్ళీ పల్చబడి వెండిని గట్టిగా పట్టుకుంటుంది. ఇన్ని గుణాలు ఒక్కచోట ఉన్న ఇంకో పదార్థం కోసం వందేళ్ళు వెతికారు. జెలటిన్‌ని పక్కకి తోసేయగలిగింది దొరకలేదు.

దీన్నెట్లా చేస్తారో చెప్పుకోవాలి, ఎందుకంటే ఫోటో పుస్తకాల్లో ఈ భాగం ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఎండిన ఎముకల్ని ముందు నలగ్గొట్టి కొవ్వు తీసేస్తారు. తర్వాత పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రోజుల తరబడి నానబెడతారు. ఎముకలోని సున్నపు భాగం కరిగిపోయి మెత్తటి దూదిలాంటి ముక్క మిగుల్తుంది. దాన్ని ఆసీన్ అంటారు. ఆ ఆసీన్‌ని సున్నపు నీళ్ళలో వారాలు, నెలలు ఊరబెడతారు. కడిగి, వేడినీళ్ళలో జిగురు దించి, వడబోసి, చల్లార్చి, ఆరబెడతారు. సున్నంలో ఊరబెట్టడం, కడగడం, మళ్ళీ ఊరబెట్టడం. ఇదంతా మాదిగ లందలో తోలుకి చేసే పని కాదా? లంద దగ్గర అది కంపు, కులం, అంటు. రోచెస్టర్‌లో అదే పని రసాయన శాస్త్రం. కొడాక్ 1930లో సొంతం చేసుకున్న జెలటిన్ ఫ్యాక్టరీ మసాచుసెట్స్‌లోని పీబాడీ అనే ఊళ్ళో ఉండేది. ఆ ఊరు పేరుపడింది తోళ్ళ ఊనకే.

జెలటిన్ గొడ్డు నుంచి వస్తుందన్నది ఫోటో కంపెనీలకి చిన్న విషయం కాదు. జిగురు మారితే ఫోటో చెడేది. కొన్ని జెలటిన్లు వెలుగుకి చురుగ్గా స్పందించేవి, కొన్ని మొద్దుగా ఉండేవి. కారణం తెలిసేది కాదు. 1925లో కొడాక్ పరిశోధకుడు శామ్యూల్ షెపర్డ్ గుట్టు విప్పాడు. గొడ్లు మేసిన మొక్కల్లో, ముఖ్యంగా ఆవ జాతి మొక్కల్లో ఉండే గంధకపు పదార్థం తోలులోకి, అక్కణ్ణించి జెలటిన్‌లోకి అతిసూక్ష్మంగా చేరుతోంది. ఫోటోకి చురుకుదనం ఇస్తున్నది అదే. గొడ్లకి ఆవమొక్క ఇష్టం లేకపోయుంటే సినిమా హాళ్ళే ఉండేవి కావని ఆ పరిశోధనశాల అధిపతి మీస్ నవ్వులాటగా అనేవాడు. ఆవులూ ఆవాలూ కలిసి సినిమాని పుట్టించాయన్న ఈ మాట తెలుగులో చెప్తేనే బావుంటుంది. ఆవులూ ఆవాలూ లెక్కకొచ్చాయి గానీ, చచ్చిన ఆవుని ఈడ్చినవాడు మీస్ జోకులోక్కూడా రాలేదు.

మన దేశం నుంచి ఎముకలు పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కాయి. మొదట ఎరువుకి. పంచదార తెల్లబడటానికి వాడే ఎముకల బొగ్గుకి. ఇరవయ్యో శతాబ్దంలో నలగ్గొట్టిన ఎముకలు యూరపు జెలటిన్ ఫ్యాక్టరీలకి పోయాయి. తర్వాత్తర్వాత ఎముకగా కాకుండా ఆసీన్‌గా చేసి పంపడం మొదలైంది. 1975లో కేరళలో జపాన్ కంపెనీతో కలిసి పెట్టిన ఫ్యాక్టరీ ఈ పనికే పుట్టింది. తమిళనాడు ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మన సర్కారు సొంత ఫిల్ము, ఇందు పేరుతో వచ్చేది. ఎక్స్‌రే ఫిల్ములూ అక్కడ చేసేవారు. దేశానికి సొంత ఫిల్ము వచ్చిందని గర్వంగా చెప్పుకున్నారు. దాని మీదా పూత జెలటిన్‌దే.

ఈ ఎముకలు రైలెక్కేముందు ఎక్కడున్నాయి? ఊరి బయట. చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోయి కోసే దిబ్బ మీద. గొడ్డు చస్తే ఆసామి కబురు పెడతాడు. మాదిగవాడు పోవాలి, ఈడ్చాలి, కోయాలి. తోలు తీసి ఊని ఆసామికి చెప్పులు, మోటకి బొక్కెన, తొండం చేసి ఇయ్యాలి. ఇది వెట్టి. కూలి లేదు, కళ్ళంలో నాలుగు గింజలు తప్ప. మిగిలిన ఎముకలు దిబ్బ మీదే ఎండేవి. వాటినే ఏరేవాళ్ళు. మేం ఈ పని మీద తిరిగిన పల్లెల్లో ఎముకలేరిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక పెద్దాయన మాతో ఇట్లా అన్నాడు:

“ఎండాకాలం పన్లుండవు గదా నాయనా. పొద్దున్నే పోయి గోతం నిండా ఏరుకొచ్చేవోళ్ళం. బండోడు వచ్చి తూకమేసి తీసుకుపోయేవోడు. ఏం చేస్తారయ్యా వీటినంటే ఎరువుకంట అనేవోడు. ఇంకోడు చక్కెరకంట అన్నాడు. ఫోటోలకని ఎవుడూ అన్లా.”

మీకు చిన్నప్పటి ఫోటో ఏమన్నా ఉందా పెద్దయ్యా అనడిగాం. ఆయన నవ్వాడు. ఇంట్లో ఉన్న మొట్టమొదటి ఫోటో ఆయన ఓటరు కార్డు మీదిది. ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది 1993లో. అప్పటికి ఆయనకి అరవై దాటాయి.

మనవాళ్ళని అసలు ఫోటోలే తీయలేదా అంటే, తీశారు. ఎట్లా తీశారన్నదే మాట. 1868 నుంచి 1875 దాకా వాట్సన్, కే అనే ఇద్దరి సంపాదకత్వంలో భారతదేశపు జనం అనే పేరుతో ఎనిమిది సంపుటాలు వచ్చాయి. సిపాయిల తిరుగుబాటు తర్వాత ఏ కులం వాణ్ణి ఎంతవరకు నమ్మొచ్చో తెలుసుకోడానికి సర్కారు చేయించిన ఆల్బం అది. అందులో మనుషులు రకాలు మాత్రమే. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఆకలితో ఎముకలు తేలినవాళ్ళని గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఫోటోలు తీసుకున్నాడు సరే, వాళ్ళకి తిండి పెట్టాడా అని అప్పుడే విమర్శలొచ్చాయి. కరువులో ముందు పోయేది భూమిలేని కూలోడే కదా. ఆ ఫోటోల్లో పేర్లుండవు, పక్కటెముకలుంటాయి. 1909లో ఎడ్గర్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మాల, మాదిగ రెండూ నాలుగో సంపుటంలో ఉన్నాయి. కాలిపర్లతో ముక్కులు కొలిచిన మహానుభావుడు ఆయన. కులాన్ని అద్దంలో చూపెట్టడానికి కెమెరాని వాడినవాళ్ళు వీళ్ళు. మనం మన ముఖం చూసుకోడానికి దాన్ని ఎవరూ మనకియ్యలేదు.

ఈ మాటకి ఒక ఎదురు వాదన ఉంది. అచ్చు బొమ్మ వచ్చాక దేవుడు అందరిళ్ళకీ చేరాడనీ, గుడిలోకి రానియ్యని జనం ఇంట్లోనే దేవుణ్ణి చూసుకున్నారనీ, కాబట్టి అచ్చుయంత్రం కులాన్ని కొట్టిన మొదటి సమ్మెట దెబ్బ అనీ కళాచరిత్రకారులు రాస్తారు. ఇందులో నిజం లేకపోలేదు. రవివర్మ ప్రెస్ ముంబయిలో మొదలైంది 1894లో. ఆయన పుట్టిన తిరువాన్కూరు రాజ్యంలో గుళ్ళ తలుపులు మనవాళ్ళకి తెరిచింది 1936 నవంబరులో. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంటే నాలుగైదు దశాబ్దాల ముందే లక్ష్మీ సరస్వతులు అణాలకి అమ్ముడుపోయారు. కొనేవాడి కులం అడగని దేవుడు మొదట కాగితం మీదే వచ్చాడు. ఒప్పుకుంటాం. కానీ వచ్చిన దేవుళ్ళెవరు? ఎల్లమ్మ, పోచమ్మ, మాతంగి వచ్చారా? వచ్చింది అంచు చీర కట్టి, నగలు దిగేసుకున్న తెల్లటి దేవత. ఆమె చేతులు ఎన్నడూ పేడ ముట్టినవి కావు. గుళ్ళోకి మనల్ని రానీకుండానే గుడి మన గుడిసెలోకి వచ్చింది. ఇది ప్రజాస్వామ్యమా, వ్యాపారమా అని అడగాల్సే ఉంటుంది.

ఇంకో తమాషా కూడా చూడండి. రవివర్మ ఓలియోగ్రాఫులు రాతి అచ్చు, వాటిలో జెలటిన్ పనిలేదు. తర్వాత వచ్చిన బ్రోమైడు ఫోటోలు అట్లా కాదు. మఠాధిపతుల ఫోటోలు, బాబాల ఫోటోలు, మూలవిరాట్టు ఫోటోలు, పోయిన తాతగారి ఫోటో: ఇవన్నీ బ్రోమైడు కాగితం మీదివే. ఉల్లిపాయ కూడా రానియ్యని పూజగదిలో, మడికట్టుకున్న చేతులతో బొట్టుపెట్టి దండేసిన ఆ నున్నటి మెరుపంతా గొడ్డు జిగురే. 1913 నాటి రాజా హరిశ్చంద్ర నుంచి మన పాతాళభైరవి, మాయాబజార్ల దాకా అన్ని పురాణాలూ, జానపదాలూ జెలటిన్ మీదే ఆడాయి. ఫలానా పల్లె ఎముక ఫలానా రీలులో ఉందని మేం లెక్కకట్టబోవడం లేదు, అట్లా కట్టాల్సిన పనీ లేదు. ముట్టుకుంటే మైల అన్న సరుకు నునుపుగా, మెరుస్తూ, విదేశీ పేరుతో తిరిగొస్తే మైల ఎక్కడికి పోయింది? మైల సరుకులో లేదు, మోసినవాడి మీద రుద్దారంతే.

శివకాశి సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. మన గోడల మీది క్యాలెండర్లలో చాలా భాగం అచ్చయ్యేది అక్కడే. ఆ అచ్చు వ్యాపారం చేసిన నాడార్లు ఒకప్పుడు గుళ్ళోకి రానియ్యని కులం. 1899లో శివకాశి దోపిడీ జరిగింది గుడి ప్రవేశం గొడవలోంచే. 1923లో అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టెకి లేబుల్ కావాలి, లేబుల్‌కి అచ్చు కావాలి. అట్లా పెరిగి దేవుళ్ళ బొమ్మల రాజధాని అయింది. గుడి గేటు దగ్గర ఆపినవాళ్ళే దేశానికి దేవుళ్ళని అచ్చేసి పంచారు. యంత్రం కొనగలిగితే కులం ఎంత కదుల్తుందో, కొనలేనివాడి కులం ఎట్లా కదలకుండా ఉంటుందో రెండూ శివకాశిలోనే చూడొచ్చు.

మన గోడల మీద బొమ్మ మారింది అంబేద్కర్ ఫోటోతో. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవైరెండు ప్రతిజ్ఞల్లో మొదటివే పాత దేవుళ్ళని కొలవనని. మహారాష్ట్రలో చాలా ఇళ్ళల్లో పటాలు ఆ తర్వాత దిగాయి, ఎక్కాయి. తెలుగు పల్లెల్లో ఈ మార్పు ఆలస్యంగా, ఇంకో దారిన వచ్చింది. 1966లో ఆయన తపాలా బిళ్ళ వచ్చింది గానీ అది ఆఫీసు కవర్ల మీదే ఆగింది. 1985 జూలై 17 కారంచేడు తర్వాత, 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత మన పేటల్లో అంబేద్కర్ బొమ్మ పెరిగింది. 1990 ఏప్రిల్‌లో పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆయన చిత్రపటం పెట్టారు. అదే సంవత్సరం భారతరత్న. కానీ మా దృష్టిలో పార్లమెంటు పటం కంటే పేటలో రెండు మేకులు కొట్టి వేలాడదీసిన పటానికే చరిత్ర ఎక్కువ. ఆ పటం కోసం దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. 1997 జూలై 11న ముంబయి రమాబాయి నగర్లో విగ్రహానికి చెప్పుల దండ వేసిన రోజే పోలీసు కాల్పుల్లో పదిమంది పోయారు. బొమ్మే కదా అనడానికి వీల్లేదు.

ఇప్పుడు ఈ బొమ్మ తిప్పితే మారేదిగా కూడా తయారవుతోంది. ఒక చిన్న టౌన్లో ఫ్లెక్సీలు, ఫోటో కప్పులు, కీచైన్లు, బ్యాడ్జీలు చేసే షాపులో మేం రెండ్రోజులు కూర్చున్నాం. షాపు యజమానిది వేరే కులం. కంప్యూటర్ మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళూ మన పేటవాళ్ళు. ఏప్రిల్ 14కి ఒక ఊరి యువజన సంఘం వాళ్ళొచ్చి ఇట్లా చూస్తే అంబేద్కర్, అట్లా చూస్తే బుద్ధుడు రావాలని అడిగారు. కుర్రాడు మాకు పని చూపించాడు.

“అన్నా, ఈ షీటు అంగుళానికి అరవై గీతలది. ఒక్కో గీత కింద పన్నెండు పీలికలు పడతాయి. ఆరు బాబాసాహెబ్‌వి, ఆరు బుద్ధుడివి.”

అంటే ఒక్కో అద్దం వెడల్పు అర మిల్లీమీటరుకి కూడా తక్కువ. ఒక్కో పీలిక మిల్లీమీటరులో ఇరవై ఎనిమిదో వంతు దగ్గర ఉంటుంది. అరవైని పన్నెండుతో గుణిస్తే ఏడువందల ఇరవై, ప్రింటరు అంగుళానికి వేసే చుక్కల లెక్క కూడా సరిగ్గా అంతే. కంపెనీ అరవై అని రాసినా షీటు ఖచ్చితంగా అరవై ఉండదు. ఎండకీ, చెమ్మకీ కాస్త సాగుతుంది, కాస్త ముడుచుకుంటుంది. అందుకని ముందు కాగితం మీద 59.9, 60, 60.1 ఇట్లా రకరకాల లెక్కల్లో నలుపు తెలుపు గీతలు వేసి, షీటు కింద పెట్టి, ఏ వరస ఒక్కసారిగా నల్లబడి ఒక్కసారిగా తెల్లబడుతుందో చూస్తారు. అదే ఆ షీటు అసలు లెక్క. ఆ లెక్క మీదే బొమ్మల్ని కోసి పేర్చి అచ్చేస్తారు. ఆ తర్వాత గీతకి గీత కలిపి అంటించాలి. ఒక వెంట్రుక పక్కకి పోయినా మొహం మీద చారలు పడతాయి. బొమ్మ మారాలంటే గీతలు అడ్డంగా పెట్టాలి. లోతు కనపడాలంటే నిలువుగా పెట్టాలి, ఎందుకంటే అప్పుడు రెండు కళ్ళకీ రెండు వేర్వేరు పీలికలు అందాలి.

మొదటి ప్రింటు చెడిపోయింది. బాబాసాహెబ్ ముదురు నీలం కోటు మీద బుద్ధుడి వెనకున్న పసుపు వెలుగు దెయ్యంలా కనపడింది. కుర్రాళ్ళు దీన్ని నీడ కొట్టడం అంటారు. రెండు బొమ్మల్లో ఒకేచోట బాగా నలుపూ బాగా తెలుపూ పడితే అద్దం రెంటినీ పూర్తిగా విడదీయలేదు. కుర్రాడు బుద్ధుడి వెనక వెలుగుని తగ్గించి నీలం చేశాడు, కోటు మీద నలుపు కాస్త లేపాడు. రెండో ప్రింటు కుదిరింది. యజమాని వచ్చి చూసి, వెలుగు తీసేశావేందిరా, దేవుడికి వెలుగుండాలిగా అన్నాడు. కుర్రాడు తలెత్తకుండానే, “ఆయన దేవుడు కాదు సార్” అన్నాడు.

ఆ షాపులో ఎక్కువగా వచ్చే పని మాత్రం ఇది కాదు. పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేయడం. పేటల నుంచి వచ్చేవాళ్ళు జేబులోంచి తీసేది చాలాసార్లు ఓటరు కార్డు, లేకపోతే రేషన్ కార్డు, ఆధార్ కార్డు. తపాలా బిళ్ళంత బొమ్మ. మొహం మీద ముద్ర గీత, కళ్ళు సగం మూసుకుని. దాన్ని స్కాను చేసి, ముద్ర చెరిపి, కళ్ళు తెరిపించి, వేరేవాళ్ళ పట్టుచీర అతికించి, దండేసి, ఫ్రేము కట్టిస్తారు. ఈ మధ్య తల్లీ తండ్రీ ఒకే ఫ్రేములో తిప్పితే మారేట్టు అడుగుతున్నారు. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ ఉండదు కాబట్టి. ఒక కొడుకు పట్టుచీర వద్దన్నాడు. మా అమ్మ ఎప్పుడూ కట్టలేదు, ఎర్ర నూలు చీరే పెట్టమన్నాడు. ఆ చీర కోసం కుర్రాళ్ళు కంప్యూటరంతా వెతికారు. వాళ్ళ దగ్గరున్న బొమ్మల్లో నూలు చీర కట్టిన ఆడమనిషి ఒక్కరూ లేరు. చివరికి ఒకడు వాళ్ళ మేనత్త చీరకి సెల్‌ఫోన్లో ఫోటో తీసుకొచ్చి అతికించాడు. సర్కారు మనల్ని లెక్కపెట్టుకోడానికి తీసిన ఫోటోలోంచి మనవాళ్ళు మనిషిని బయటికి తీసే పని ఇది. థర్స్టన్ కెమెరా చేసిన పనికి ఇది తలకిందుల పని.

ఈ కంప్యూటరు ఫోటోలో జెలటిన్ పాత్ర చాలావరకు పోయింది. కొన్ని రకాల ఇంక్‌జెట్ కాగితాల మీద మాత్రం ఇప్పటికీ ఆ పూత ఉంటుంది. కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషను వేసింది. ఊటీ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. జెలటిన్ ఇప్పుడు ఎక్కువగా మందు గొట్టాలకీ, మిఠాయిలకీ పోతోంది. ఎముకలు కబేళాల నుంచి లారీల్లో వస్తున్నాయి. 1927 మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానండని చెప్పిన మాట మన పల్లెల్లో ఒక్కో ఊరిదీ ఒక్కో గొడవగా నెగ్గింది. కొన్నిచోట్ల సాంఘిక బహిష్కారాలు పడ్డాయి. 2016 జూలై 11న గుజరాత్ ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్ళని కట్టేసి కొట్టినప్పుడు, సురేంద్రనగర్‌లో దళితులు చచ్చిన గొడ్లని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పోశారు. మీ తల్లిని మీరే మోసుకోండి అన్నారు.

ఈ పని ఇక్కడితో పూర్తికాదు. ఎముకలేరిన చివరి తరం పోతోంది. ఎముకలు ఎవరు ఏరేవారు, ఏ నెలల్లో, మణుగుకి ఎంత ఇచ్చేవారు, బండి ఏ ఊరినుంచి వచ్చేది, ఏ స్టేషనులో దించేది, తోలుకి హక్కు ఉన్నట్టు ఎముకకి హక్కు ఎవరికుండేది, ఆడవాళ్ళు ఏరిన డబ్బు ఎవరి చేతికిచ్చేవారు, దిబ్బ ఇప్పుడు ఎవరి సర్వే నెంబర్లో ఉంది? పాఠకుల్లో ఎవరింట్లోనైనా ఈ సంగతులు చెప్పగలిగిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళ మాటల్ని సరిదిద్దకుండా వాళ్ళ యాసలోనే రాసి మాకు పంపండి. వాళ్ళ ఫోటో ఉంటే దాన్నీ జతచేయండి. ఓటరు కార్డుదైనా ఫరవాలేదు.